ఓరుగల్లు రాజ్యమార్పులు: ఆధారాల మీద చరిత్ర రచన

ఓరుగల్లు కేంద్రంగా 12వ శతాబ్దం నుంచి 16వ శతాబ్దం తొలినాళ్ల దాకా జరిగిన అధికార మార్పులను శాసనాలు, నాణేలు, కట్టడాలు, సమకాలీన గ్రంథాల సాయంతో నిర్ధారించే పని నూట నలభై ఏళ్లకు పైగా సాగుతోంది. కాకతీయులు స్వతంత్రులు కావడం, రుద్రమదేవి పాలన, 1323లో కోట పతనం, ఆ తరువాతి పాలకుల రాకపోకలు ఇందులో ముఖ్య ఘట్టాలు.

కథల నుంచి శాసనాలకు

కాకతీయ రాజ్యం పోయిన రెండు శతాబ్దాలకు ఏకామ్రనాథుడు ప్రతాపచరిత్రను వచనంలో రాశాడు. కాసె సర్వప్ప ఆ వృత్తాంతాన్ని సిద్ధేశ్వర చరిత్రలో ద్విపదగా చెప్పాడు. కాకతీయుల జ్ఞాపకం జనంలో నిలవడానికి ఈ రచనలు ఎంతో తోడ్పడ్డాయి. అయితే వీటిలోని వంశక్రమం, కాలనిర్ణయం చాలాచోట్ల శాసనాలకు పొసగవు. 1882లో జె.ఎఫ్. ఫ్లీట్ హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనాన్ని ప్రకటించడంతో పరిశోధన కొత్త దారి పట్టింది. నిజాం రాష్ట్ర పురావస్తు శాఖ, హైదరాబాదులోని లక్ష్మణరాయ పరిశోధక మండలి శాసనాలను సేకరించి అచ్చువేశాయి. ఈ సామగ్రితో పి.వి. పరబ్రహ్మశాస్త్రి 1978లో కాకతీయుల సమగ్ర చరిత్రను ఇంగ్లీషులో వెలువరించారు.

స్వాతంత్ర్యానికి సాక్ష్యం

హనుమకొండలోని రెండు శాసనాలను పక్కపక్కన పెట్టి చదివితే మార్పు తెలుస్తుంది. పద్మాక్షి గుట్ట మీది 1117 నాటి శాసనం కల్యాణి చాళుక్య చక్రవర్తిని సార్వభౌముడిగా చెప్పి, కాకతి ప్రోలుణ్ణి ఆయన సామంతుడిగా చూపుతుంది. 1163 నాటి వేయిస్తంభాల గుడి శాసనంలో ప్రోలుడి కుమారుడు రుద్రదేవుడికి పై ప్రభువు ప్రస్తావనే లేదు. ఆయన చేసిన యుద్ధాల వరుస మాత్రం ఉంది. చాళుక్య తైలపుడు రుద్రదేవుడి భయంతో అతిసారం పట్టి చనిపోయాడని కూడా ఆ శాసనం అంటుంది. చావుకు భయాన్ని కారణంగా చెప్పడం ప్రశస్తి కవి అతిశయోక్తి. అయినా చాళుక్య అధికారం సడలిన కాలంలోనే కాకతీయులు తలెత్తారన్న విషయానికి ఆ వాక్యం సాక్ష్యమే.

రుద్రమదేవి

మోటుపల్లి రాజ్యాన్ని ఒక రాణి, భర్త మరణించాక, చక్కగా ఏలిందని మార్కోపోలో రాశాడు. రుద్రమ తనకు ముందు పాలించిన గణపతిదేవుడి భార్య అన్న అభిప్రాయం కొంతకాలం చెలామణి కావడానికి ఈ మాట ఒక కారణం. 1261 నాటి మల్కాపురం శాసనం ఆమెను గణపతిదేవుడి కుమార్తెగా స్పష్టంగా పేర్కొంటుంది. ఆమె పాలన 1295 ప్రాంతం దాకా సాగిందని మునుపటి చరిత్రకారులు భావించారు. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నవంబరు నాటి శాసనం ఆ లెక్కను మార్చింది. రుద్రమదేవికి, సేనాని మల్లికార్జున నాయకుడికి శివలోక ప్రాప్తి కలగాలని పువ్వుల ముమ్మడి చేసిన దానాన్ని అది నమోదు చేసింది. అంటే అప్పటికే ఇద్దరూ మరణించారు.

1323 పతనం

1310 నాటి ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ ముట్టడిని వర్ణించిన అమీర్ ఖుస్రో, బయట మట్టికోటను, లోపల రాతికోటను ప్రస్తావించాడు. ఖిలా వరంగల్‌లో ఆ రెండూ నేటికీ ఉన్నాయి. 1323లో తుగ్లక్ యువరాజు ఉలుగ్ ఖాన్ కోటను గెలిచాక ఓరుగల్లు సుల్తాన్‌పూర్ అయింది. ఆ పేరుతో ముద్రించిన తుగ్లక్ నాణేలు, కూలిన స్వయంభూ శివాలయం, దాని చుట్టూ నిలిచిన కీర్తి తోరణాలు ఆ మార్పుకు భౌతిక సాక్ష్యాలు.

బందీగా వెళ్లిన చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడి అంతం గురించి సాక్ష్యాలు ఒకే మాట చెప్పవు. ఢిల్లీ దారిలో మరణించాడని షమ్స్ సిరాజ్ అఫీఫ్ రాశాడు. ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం నర్మదా తీరాన చనిపోయాడంటుంది. 1423 నాటి రెడ్డి రాణి అనితల్లి కలువచేరు శాసనం ఆయన తన ఇచ్ఛతోనే స్వర్గానికి వెళ్లాడంటుంది. ప్రతాపచరిత్ర మాత్రం ఆయనను తిరిగి స్వదేశానికి రప్పిస్తుంది.

తరువాతి పాలకులు

1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును విడిపించాడు. బరనీ పారశీక చరిత్రలో ‘కన్య’ నాయకుడిగా కనిపించేది ఈయనే. ఆయన తరువాత రేచర్ల నాయకులు, బహమనీలు ఈ కోట కోసం పోరాడారు. 1504 నాటి సంస్కృత శాసనం కోటను గెలిచిన షితాబ్ ఖాన్ గురించి చెబుతుంది. ముస్లిం బిరుదుతో పేరుపొందిన ఈ పాలకుడు ఇక్కడ దేవతామూర్తులను పునఃప్రతిష్ఠించాడు. బిరుదును బట్టే పాలకుడి మతాన్ని, విధానాన్ని ఊహించరాదని ఈ శాసనం నేర్పుతుంది.

పేరా నిర్మాణం

ఇలాంటి ఆధారాలతో రాజ్యమార్పు మీద రాసే పేరా ఒకే ప్రతిపాదనతో మొదలవుతుంది. ఆ వెంటనే ఆధారం, దాని కాలం, దాన్ని రాయించినవారు వస్తారు. తరువాత ఆ ఆధారం ఎంతవరకు పలుకుతుందో వివరించాలి. ప్రతాపరుద్రుడి విషయంలో విజేతల పక్షాన రాసిన అఫీఫ్, ఓడినవారి వారసులు వేయించిన విలస శాసనం ఒకరినొకరు ఎరగరు. అయినా ఢిల్లీ చేరకముందే మరణం జరిగిందన్న చోట కలుస్తారు. కనుక అంతవరకు గట్టిగా రాయవచ్చు. ఆత్మహత్య అన్నది నూరేళ్ల తరువాతి కలువచేరు శాసనం మాట మీద ఆధారపడింది. దాన్ని సంభావ్యతగానే రాయాలి. ప్రతాపచరిత్ర కథనం రాజు మరణానికి సాక్ష్యం కాజాలదు. 16వ శతాబ్దపు తెలుగువారు ఆయనను ఎలా తలచుకున్నారో చెప్పడానికి మాత్రం అది విలువైన ఆధారం.