గోదావరి తెచ్చిన నేల

నది యనగానే మనకు ముందుగా స్ఫురించునది నీరు. ఈ యేడు ఎన్ని అడుగుల నీరు వచ్చినది, ఎన్ని ఎకరములు తడిసినవి, ఎంత నీరు వృథాగా సముద్రము పాలైనది అని లెక్కలు వేయుట మన కలవాటు. కాని నది నీటిని మాత్రమే మోసికొని రాదు. నీటితోపాటు నేలను గూడ మోసికొని వచ్చును. కొండలను అరగదీసి, రాతిని ఇసుకగాను, ఇసుకను ఒండ్రుగాను మార్చి, వందల మైళ్ల దూరము తెచ్చి సముద్రతీరమున పరచును. ఈనాడు కోనసీమ కొబ్బరితోటలలో నడచువాడు నాసిక కొండల మట్టిమీదను, బస్తరు అడవుల మట్టిమీదను నడచుచున్నాడన్నమాట. గోదావరి చరిత్రను ఈ మట్టి కథగా చెప్పుకొన్నచో ప్రకృతిచరిత్రయు, మానవచరిత్రయు ఒకే త్రాటి రెండు పేటలవలె కనిపించును.

గోదావరి మహారాష్ట్రమున నాసిక జిల్లాలోని త్ర్యంబకము కడ, బ్రహ్మగిరిపై పుట్టుచున్నది. అచ్చటినుండి పడమటి సముద్రము సుమారు 80 కిలోమీటర్లు మాత్రమే. అయినను నది ఆ దగ్గరిదారిని విడిచి, తూర్పుగా తిరిగి, 1465 కిలోమీటర్లు ప్రయాణము చేసి బంగాళాఖాతమును చేరుచున్నది. దక్కను పీఠభూమి పడమట ఎత్తుగను, తూర్పున పల్లముగను ఉండుటయే దీనికి కారణము. దారిలో ప్రవర, పూర్ణ, మంజీర, మానేరు నదులు వచ్చి కలియును. కాళేశ్వరము చెంత ప్రాణహిత కలియును. వార్ధా, వైనగంగ, పెనుగంగల నీటిని తెచ్చు ఈ ప్రాణహితయే ఉపనదులన్నిటిలోను పెద్దది. ఆ తరువాత ఇంద్రావతియు, శబరియు తూర్పుకనుమల అడవుల వాననీటిని చేర్చును. ఈ విధముగ నీరు పోగగు ప్రదేశము 3 లక్షల 12 వేల చదరపు కిలోమీటర్లకు మించినది. భారతదేశ వైశాల్యములో ఇది ఇంచుమించు పదియవ వంతు.

ఈ నది ప్రవహించు భూమి వయస్సు తలచుకొన్నచో మనుష్యచరిత్ర నిన్నటిదిగా తోచును. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములకు పూర్వము దక్కనులో భూమి నెఱ్ఱెలు విచ్చి, కరగిన శిల పొరలు పొరలుగా వెలికి పొంగినది. ఆ నల్లరాతి పొరలే నేడు గోదావరి ఎగువభాగమునకు పానుపు. అవి శిథిలమై ఏర్పడినదే నల్లరేగడి. విచిత్రమేమనగా, అట్టి నల్లరాయియే రాజమహేంద్రవరమునకు చేరువ కాతేరు కడను, ఆవలియొడ్డున పంగిడి ప్రాంతమునను గూడ కలదు. పడమట పుట్టిన ఆ శిలాద్రవము ప్రాచీన నదీలోయల వెంట సుమారు 1000 కిలోమీటర్లు ప్రవహించి ఇచ్చటికి చేరినదని, రెండుచోట్ల శిలలను పరీక్షించిన శాస్త్రజ్ఞుల యభిప్రాయము. ఇప్పటి గోదావరి పుట్టకమునుపే పడమటినుండి తూర్పునకు ఇట్టి దారి యుండెనన్నమాట.

అంతకంటెను పురాతనమైనది ప్రాణహిత, గోదావరుల నడిమి లోయ. అచ్చటి అడవులు భూగర్భమున అణగి బొగ్గుగా మారినవి. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున ఆ బొగ్గును గుర్తించెను; సింగరేణి గనులకు మూలమదియే. ఆ లోయలోనే, సిరోంచకు సమీపమున, 1960 ప్రాంతమున భారతీయ గణాంకశాస్త్ర సంస్థ పరిశోధకులు ఒక మహాకాయ ప్రాణి ఎముకలను త్రవ్వి తీసిరి. రవీంద్రుని శతజయంతి కాలమున లభించినదగుటచే దానికి ‘బరపాసారస్ టాగోరై’ అని పేరిడిరి. ఆదిలాబాదు ప్రాంతపు యామనపల్లి కడ దొరకిన మరియొక బల్లిజాతి మహాప్రాణికి ‘కోటసారస్’ అని పేరు. దాని అస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున ప్రదర్శింపబడినది.

ఇక మనుష్యులు. నదీతీరమున పైఠణము, అనగా పూర్వపు ప్రతిష్ఠానము, శాతవాహనులకు రాజధాని. హాలుని పేర వెలసిన ప్రాకృత గాథలలో ఈ నది పేరు పలుమారులు వినవచ్చును. నాందేడులో 1708లో గురు గోవిందసింగు దేహము చాలించెను. బాసరలో సరస్వతి, భద్రాచలమున రాముడు, దిగువను రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కొలువు. ఆ కొలువునందే 11వ శతాబ్దిలో నన్నయభట్టు మహాభారతమును తెనిగింప నారంభించెను. ఒకే నీరు మహారాష్ట్రులకును, సిక్కులకును, ఆంధ్రులకును పుణ్యతీర్థమైనది. భాష మారినను ఏరు మారలేదు.

భద్రాచలము దాటిన పిమ్మట తూర్పుకనుమలు నదికి అడ్డు నిలుచును. పైన మైలు మైలున్నర వెడల్పుతో సాగు గోదావరి పాపికొండల నడుమ ఇరుకైన లోయలో ఒదిగి, లోతుగా, నిశ్శబ్దముగా పోవును. ఈ కొండలలో కోయలు, కొండరెడ్లు అనాదిగా నివసించుచున్నారు. పోడు వ్యవసాయము, వెదురు, చింతపండు, తేనె వారి జీవనాధారములు. ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు వారి నడుమ నివసించి, 1945లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఈ మన్యమందే 1879లో రంపపితూరీ చెలరేగినది. 1922 మొదలు 1924 వరకు అల్లూరి సీతారామరాజు పోరాటము సాగినది. అడవిపై తమకుగల హక్కును పోగొట్టుకొన్న జనుల ఆక్రోశము ఈ పోరాటములలో వినబడును.

కొండలు విడిచి మైదానమున అడుగిడగానే నది వేగము తగ్గును. వేగము తగ్గగానే మోసికొని వచ్చిన బరువును దించును. ధవళేశ్వరము దిగువ గౌతమి, వసిష్ఠ అను రెండు పాయలుగా చీలి, వసిష్ఠనుండి వైనతేయము విడివడి, ఆ పాయల నడుమ లంకలును, కోనసీమయు ఏర్పడినవి. సముద్రమునకు చాల దూరమున, పొలముల నడుమ నేటికిని కనిపించు ఇసుక మెరకలు ఒకప్పటి తీరరేఖలే. గత 6 వేల సంవత్సరములలో నది ఏటేట కొంత నేలను కట్టుచు సముద్రమును వెనుకకు నెట్టుచు వచ్చినదని ఈ మెరకలు సాక్ష్యము చెప్పుచున్నవి. మొగల కడ కోరంగి మడఅడవులు ఆ క్రొత్తనేలను వేళ్లతో పట్టి నిలుపుచున్నవి.

ఇంత సారవంతమైన నేల యుండియు పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ఇచ్చటి ప్రజలు ఆకలితో అలమటించిరి. వరద వచ్చిన యేట ఊళ్లు మునుగును; వాన రాని యేట, కనులయెదుట నది పారుచున్నను, పొలము ఎండును. 1832-33లో కరవు వచ్చినది. 1839లో కోరంగి రేవుపై ఉప్పెన విరుచుకొనిపడినది. నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారము 1821లో సుమారు 7 లక్షల 38 వేలుండిన జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగజారినది. చచ్చినవారు చావగా, మిగిలినవారిలో పెక్కురు ఊళ్లు విడిచిరి.

ఈ స్థితిలో ఆర్థర్ కాటన్ అను సైనిక యింజనీరు ధవళేశ్వరము కడ ఆనకట్ట కట్టవచ్చునని ప్రతిపాదించెను. 1847లో పని ఆరంభమై 1852లో ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, లంకలను ఆధారముగా గొని ఆ కట్టడము నిలిచినది. ఇందులో గమనింపదగిన విషయమొకటి కలదు. అడుగున రాయి తగులని ఇసుకపై పునాది వేయు విద్యను కాటన్ నేర్చినది విదేశమున గాదు. కావేరిపై చోళులు కట్టిన కల్లణను చూచి నేర్చెను. పనివారిని సమకూర్చి, పనిని నడపించుటలో వీణెం వీరన్న ఆయనకు కుడిభుజముగా నిలిచెను. వేలాది కూలీలు రాళ్లు మోసిరి. కాటన్ విగ్రహములు నేడు డెల్టాలో ఊరూర కలవు. రాళ్లు మోసినవారి పేర్లు ఎచ్చటను లేవు.

ఆనకట్టతో కరవుసీమ అన్నపూర్ణ యైనది. వైనతేయముమీదుగా నగరము లంకకు నీరు తీసికొనిపోవుటకు గన్నవరము కడ 49 కమానుల అక్విడక్టు కట్టిరి. దాని స్థానమున 2000లో వచ్చిన క్రొత్త కట్టడమునకు, ఆ యూరనే ఆకలిగొన్నవారికి జీవితాంతము అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరిడుట ఎంతయు సముచితము. కాలువలు పొలములను తడుపుటయే గాక పడవలకు దారులైనవి. కాకినాడనుండి మద్రాసువరకు పడవప్రయాణము సాగెను. 1900లో రాజమహేంద్రవరమున హేవలాకు వంతెనపై రైలు నడచినది. కోరంగి ఓడలెక్కి బర్మా చేరిన తెలుగువారిని అచ్చటివారు ‘కోరంగీలు’ అనియే పిలిచిరి. కాటన్ ఆనకట్ట స్థానమున 1982లో క్రొత్త బ్యారేజి పూర్తియైనది.

అయినను నది లొంగిపోయినదని యెవరును భావింపరాదు. భద్రాచలము కడ 53 అడుగులకే చివరి ప్రమాదసూచన యిత్తురు. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు లేచినది. ధవళేశ్వరము కడ ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులు దాటినది. 2022 జూలైలో మరల 71 అడుగులు దాటినది. ప్రాణహిత సంగమము దిగువను మేడిగడ్డ కడ కట్టి, 2019లో ప్రారంభించిన బ్యారేజిలో 2023 అక్టోబరున కొన్ని స్తంభములు క్రుంగినవి. ఇసుకపై నిలిచిన కట్టడమునకు నది పెట్టు పరీక్ష ఒకనాటితో ముగియునది కాదు.

ఎగువను గూడ ఆనకట్టలు పెరిగినవి. పైఠణము కడ జాయక్‌వాడి 1976లో పూర్తియైనది. పోచంపాడు కడ శ్రీరామసాగరమునకు 1963లో నెహ్రూ పునాది వేసెను. ఉపనదులపై కట్టిన జలాశయములు లెక్కకు మిక్కిలి. ఎండిన తెలంగాణమునకును, మరాట్వాడకును ఇవి ప్రాణాధారములు. వానిని నిందించుట న్యాయము గాదు. కాని ప్రతి జలాశయమునకు అడుగున కొన్ని ఊళ్లుండును. 2014లో జాతీయప్రాజెక్టుగా ప్రకటింపబడిన పోలవరము నిమిత్తము ఇల్లు విడిచినవారిలో అధికసంఖ్యాకులు ఆ కోయలు, కొండరెడ్లే. ఒకరి పొలమునకు నీరు చేరుటకై మరియొకరి ఊరు నీట మునుగుచున్నది. పరిహారమును రూపాయలలో లెక్కింపవచ్చును. అడవితోడి బంధమును దేనితో లెక్కింతుము?

మరియొక మూల్యమును సముద్రతీరము చెల్లించుచున్నది. జలాశయమున నీరు నిలిచినచోట మట్టియు నిలుచును. 1970 దశకమున నది ఏటా డెల్టాకు తెచ్చిన ఒండ్రు సుమారు 15 కోట్ల టన్నులు. 1990 దశకమున అది 6 కోట్ల టన్నులకు లోపడినది. మట్టి రాక తగ్గగా తీరమును కోయు అలలదే పైచేయి యైనది. 1976 నుండి 2001 వరకు డెల్టా అంచున పోయినదెంత, వచ్చినదెంత అని సరిచూచినచో, సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేల నష్టమేయని తేలినది. వేలయేండ్లు సముద్రమును వెనుకకు నెట్టిన నది, రెండు తరముల కాలములోనే ఆ బలమును కోల్పోవుచున్నది. పుస్తెలమ్మియైనను తినవలెనని గోదావరి జిల్లాలవారు చెప్పుకొను పులస, వరదనీటి కెదురీదుచు సముద్రమునుండి వచ్చి, ధవళేశ్వరము గోడకడ ఆగిపోవుచున్నది.

కనుక సముద్రమున కలిసిన నీరంతయు వృథాయన్న మాటను మనము మరల ఆలోచింపవలసియున్నది. ఆ నీటివెంటనే గదా కోనసీమ వచ్చినది! ఆ నీటి వలననే గదా మడఅడవులు బ్రదుకుచున్నవి, చేపలు పెరుగుచున్నవి, ఉప్పునీరు లోపలికి చొరక వెనుదీయుచున్నది! నీటిని వాడుకొనవలదని యెవరును అనరు. కాటన్ నాటి ఆకలిని ఎరిగినవా డెవడును ఆ మాట యనజాలడు. కాని నదితో పంపకము వ్రాసికొనునపుడు రాష్ట్రముల వాటాలతోపాటు మన్యమునకు గల వాటాను, సముద్రతీరమునకు గల వాటాను గూడ వ్రాయుట ధర్మము. పండ్రెండేండ్లకొకసారి పుష్కరమునకు కోట్లజనము గోదావరిలో మునుగుచున్నారు. స్నానము చేసి గట్టెక్కునపుడు పాదములకంటిన ఆ ఒండ్రును ఒక్కసారి చూచికొన్నచో చాలును. మనము నిలిచిన నేల యెచ్చటినుండి వచ్చినదో, అది రాక మానినచో ఏమగునో, అదియే తెలుపును.