పశువుల పాకలో మొదలైన పాఠము



మా బాల్యమున సంధ్యవేళ పశువుల పాకలో వేపాకు పొగ వేయుట మా తాతగారి నిత్యకృత్యము. ఒక వర్షాకాలమున మా దుక్కిటెద్దు మేత మాని, నానాటికి కృశించి, చనిపోయెను. జోరీగలే దానిని తినివేసినవని తాతగారు అనగా, అప్పుడు హైస్కూలులో చదువుచున్న మేము నవ్వితిమి. ఆ ఎద్దు రక్తమును పరీక్షించినవారు ఎవరును లేరు. గాని పెద్దవారి మాటను విచారింపకయే నవ్వుట తప్పని ఈ చరిత్రను చదివిన పిమ్మట గ్రహించితిమి. శతవార్షికోత్సవ వేళ మిషను వైద్యసేవను జ్ఞాపకము చేసికొనుచున్న మనకు ఈ చరిత్ర తెలియవలసినది.

1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అను పశువైద్యుడు నాటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌కు వెళ్లెను. అక్కడ గుఱ్ఱములు, ఒంటెలు "సర్రా" అను వ్యాధిచేత చచ్చుచుండెను. ఈగ కాటువలన ఇది వచ్చునని ఆ ప్రాంతపు ప్రజలు చెప్పుచుండిరి. ఎవాన్స్ రోగపు గుఱ్ఱము రక్తమును సూక్ష్మదర్శినిలో చూడగా, చిన్న పాములవలె మెలికలు తిరుగుచున్న జీవులు కనబడెను. ఆ రక్తమును ఆరోగ్యముగల గుఱ్ఱమునకు ఎక్కించగా దానికిని వ్యాధి వచ్చెను. అయినను ఆ జీవులే వ్యాధికి కారణమని నాటి వైద్యాధికారులు ఒప్పుకొనలేదు. నేడు ఆ పరాన్నజీవి ఎవాన్స్ పేరుతోనే పిలువబడుచున్నది. జోరీగ ఒక పశువును కుట్టి, రక్తము అంటిన మూతితో మరియొక పశువును కుట్టినప్పుడు అది వ్యాపించును.

1894లో డేవిడ్ బ్రూస్ అను సైనిక వైద్యుడు భార్యతో కూడ ఆఫ్రికాలోని జూలూలాండునకు వెళ్లెను. అక్కడ పశువులను చంపుచున్న వ్యాధి పేరు నగానా. అడవి మృగములు మేసిన చోట మేయుటవలన అది వచ్చునని జూలూ ప్రజలు, ట్సెట్సీ ఈగవలన వచ్చునని తెల్లవారు చెప్పుచుండిరి. బ్రూస్ ఆరోగ్యముగల గుఱ్ఱములను, అక్కడి గడ్డిగాని నీరుగాని ముట్టకుండ మూతికి సంచులు కట్టించి, ఈగలున్న పల్లపు ప్రాంతమునకు పంపెను. అవి రోగముతో తిరిగి వచ్చెను. అంతట ఈగయే వ్యాధిని మోయుచున్నదని తేలెను. అడవి దున్నలు, జింకలు పైకి రోగము కనబడకుండ ఆ పరాన్నజీవిని తమ రక్తములో దాచుకొని యుండునని కూడ అతడు కనుగొనెను. ఆ విధముగా ఉభయుల మాటలోను సత్యమున్నదని తేలెను.

అటు పిమ్మట 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్, దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూచెను. ఆ దోమలచేత కుట్టించుకొన్నవాడు హుసేన్ ఖాన్ అను రోగి. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున అతనికి ముట్టెను. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము వచ్చెను. హుసేన్ ఖాన్ పేరు మనలో ఎందరికి తెలియును?

అదే 1897లో చర్చి మిషనరీ సొసైటీకి చెందిన డాక్టరు ఆల్బర్ట్ కుక్ ఉగాండాలో మెంగో ఆసుపత్రిని స్థాపించెను. 1901లో అక్కడికి వచ్చిన రోగులలో అతడును అతని సహోదరుడును ఒక భయంకరమైన వ్యాధిని గుర్తించిరి. జ్వరము, తలనొప్పి, పగటివేళ మత్తునిద్ర, పిమ్మట మరణము. అదియే నిద్రరోగము. విక్టోరియా సరస్సు తీరమున కొన్ని సంవత్సరములలో రెండు లక్షలకు పైగా ప్రజలు చనిపోయిరి.

1903లో బ్రూస్ అక్కడికి వచ్చునప్పటికి కాస్టెల్లాని అను వైద్యుడు రోగుల వెన్నుద్రవములో, నగానా జీవిని పోలిన పరాన్నజీవిని చూచియుండెను. పశువుల వ్యాధిని ఎరిగిన బ్రూస్‌కు, ఇక్కడను ఈగయే మోయుచున్నదా అను అనుమానము వెంటనే కలిగెను. అతడు బుగాండా ప్రధానమంత్రియైన అపోలో కగ్వా సహాయము కోరెను. గ్రామాధిపతులును మిషనరీలును తమ తమ చోట్ల ఈగలను పట్టించి, స్థలము పేరుతో పంపిరి. ఈగలు దొరికిన చోట్లు ఒక పటము మీదను, నిద్రరోగమున్న చోట్లు మరియొక పటము మీదను గుర్తించి చూడగా రెండును సరిపోయెను. ఎందరో పేరులేని చేతులు ఆ ఈగలను పట్టినవి.

అయితే ఈ జ్ఞానము వెల లేకుండ రాలేదు. కొద్ది సంవత్సరములలో గవర్నరు హెస్కెత్ బెల్ సరస్సు తీరమును ఖాళీ చేయించెను. జనులు ఈగలకు దూరమైరి. గాని ఇండ్లను, తోటలను, చేపల వేటను విడిచి పోవలసి వచ్చెను. ప్రాణము కాపాడుటకే అయినను, జీవనోపాధి పోయినవారి దుఃఖమును మరువరాదు.

నేడు ఆఫ్రికా అంతటిలో ఏటా నమోదగు నిద్రరోగుల సంఖ్య, 2018 మొదలుకొని, వెయ్యికి లోపుననే యున్నది. సర్రా మాత్రము మన దేశపు పశువులలో ఇంకను ఉన్నది. 2004లో తెలంగాణ సరిహద్దుననున్న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక రైతు రక్తములో ఎవాన్స్ చూచిన ఆ జీవియే కనబడెను. సాధారణముగా మనుష్యుల రక్తములోనున్న ఒక మాంసకృత్తు దానిని చంపును. పుట్టుకతోనే ఆ మాంసకృత్తు లోపించినందున అతనికి వ్యాధి సోకెను. చికిత్సవలన అతడు కోలుకొనెను. పశువుల పాకకును మన ఇంటికిని మధ్యనున్న గోడ ఎంత పలుచనిదో దీనివలన తెలియుచున్నది.

కాబట్టి మీ పశువు జ్వరపడి కృశించినయెడల ఆలస్యము చేయక పశువైద్యుని చేత రక్తపరీక్ష చేయించుడి. పాక చుట్టు పేడకుప్పలను, నిలువ నీటిని ఉండనియ్యకుడి. పెద్దల మాటను గ్రుడ్డిగా నమ్ముట చాలదు, నవ్వి త్రోసివేయుటయు తగదు. విని, పరీక్షించి చూడవలెను. మా తాతగారి పాకలో మేము నేర్చుకొనవలసిన పాఠము ఇదియే. ఆలస్యముగానైనను నేర్చుకొంటిమి.