వ్యావహారిక భాషావాదం : చర్చ నడిచిన తీరు

వ్యావహారిక భాషోద్యమం గురించి మన సాహిత్య చరిత్రలు చెప్పేది చదివితే అదేదో తీర్పు ముందే రాసిపెట్టిన వ్యాజ్యంలా కనిపిస్తుంది. ఒకవైపు గిడుగు, గురజాడ. మరొకవైపు జయంతి రామయ్య, వేదం వెంకటరాయశాస్త్రి. పండితులు ఓడారు, ప్రజల భాష గెలిచింది. ఫలితం తెలిసినవాళ్ళు రాసే చరిత్రకు ఉండే లోపమే ఇది. వాదం నడుస్తున్న రోజుల్లో పాఠకుడికి అది ఎలా కనిపించింది? ఏ సంచికలో ఎవరు ఎవరికి జవాబు చెబుతున్నారో అతనికి ఎట్లా తెలిసేది? ముప్ఫై ఏళ్ళకు పైగా సాగిన చర్చలో దారి తప్పకుండా ఎట్లా నడవగలిగాడు? ఇవి చిల్లర ప్రశ్నలుగా తోచవచ్చు. ఆ చర్చలో జయాపజయాలకు వీటితో చాలా సంబంధం ఉందని నా అభిప్రాయం.

నాకీ ఆలోచన కలిగింది ఏలూరులో. మా వట్లూరు నుంచి ఏలూరు పోయి పాత పత్రికల సంపుటాలు తిరగేయటం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. ఒకనాడు చేతికొచ్చిన సంపుటానికి ముందు సంచికలూ లేవు, చివరి సంచికలూ లేవు. మధ్యలో భాషావాదం మీద ఒక ఖండన వ్యాసం ఉంది. ‘గత సంచికలో ఒక మిత్రుడు అన్నట్లు’ అని మొదలై, పది పేజీలు నడిచి, ‘సశేషము’ అని ఆగింది. ఆ మిత్రుడెవరో తెలియదు. ఆయన ఏమన్నాడో తెలియదు. జవాబు ఉంది, ప్రశ్న లేదు. ఆ పేజీ అంచున ఎవరో పాఠకుడు పెన్సిలుతో మరో పత్రిక పేరూ పేజీ అంకే వేసి పెట్టాడు. ఆ అంకె పట్టుకుని వెదికితే ఆ మిత్రుడి వ్యాసం దొరికింది. చదివాక తెలిసిందేమంటే, ఖండించిన పెద్దమనిషి అవతలివాడు అనని మాటను అతనికి అంటగట్టి, దాన్ని చీల్చి చెండాడాడు. పెన్సిలు పట్టిన ఆ అజ్ఞాత పాఠకుడు లేకపోతే నేను ఖండనకర్తనే నమ్మి ఉండేవాణ్ణి.

సుదీర్ఘ వాదం నడపటం మన పండితులకు కొత్త విషయం కాదు. వ్యాఖ్యాన సంప్రదాయంలో దానికి గట్టి పద్ధతే ఉంది. మూలంలోని మొదటి ఒకటి రెండు మాటలు ఎత్తిరాసి, ఏ చోటును గురించి మాట్లాడుతున్నామో సూచిస్తారు. దాన్ని ప్రతీక అంటారు. ఎదుటివాడి వాదాన్ని పూర్వపక్షంగా పెట్టి, ఆ తర్వాతే తన సిద్ధాంతం చెప్పాలి. నన్నయ పేరుమీద చలామణి అయిన ఆంధ్రశబ్దచింతామణి చుట్టూ అప్పకవి, అహోబలపతి, ఆ తర్వాత చిన్నయసూరి దాకా శతాబ్దాలపాటు నడిచిన వ్యాకరణ చర్చకు ఈ పద్ధతే ఆధారం. పూర్వపక్షాన్ని చెప్పకుండా సిద్ధాంతానికి దూకటం మర్యాద కాదు. ఇందులో మెచ్చుకోవలసింది చాలా ఉంది. కాని మూలం కంఠస్థం చేసినవాడికే ప్రతీక పనికొస్తుంది. ఆ చదువు ఎవరికి దక్కిందో, ఎవరికి దక్కలేదో వేరే చెప్పనక్కర్లేదు.

పత్రికలు వచ్చాక పరిస్థితి మారింది. పోయిన నెల వ్యాసం ఎవరికీ కంఠస్థం ఉండదు. సంచిక ఒకరు కొంటే పదిమంది చదివేవాళ్ళు. చేతులు మారినప్పుడల్లా ఒక సంచిక మాయం. పైగా ఒక పత్రిక ‘పరీధావి ఆశ్వయుజం’ అంటే ఇంకొకటి ‘1912 అక్టోబరు’ అనేది. రెంటినీ కలుపుకోవటానికి పంచాంగం కావాలి. ఒక పత్రికలో పడిన వాదానికి జవాబు మరో పత్రికలోనో, కరపత్రంలోనో వచ్చేది. ఈ గందరగోళంలో పూర్వపక్ష మర్యాద మొట్టమొదట గాలికి పోయింది. ఎదుటివాడి మాట పాఠకుడి ముందు లేనప్పుడు దాన్ని తనకు కావలసినట్టు వంచుకోవచ్చు. తిరుపతి వెంకట కవులకూ వెంకట రామకృష్ణ కవులకూ మధ్య నడిచిన పద్యాల కయ్యం ‘గీరతం’గా మిగిలింది. పద్యాల ధాటి నిజమే. అయితే ఆ తగవులో ప్రజలకు తేలవలసిన ప్రశ్న ఏముంది? వ్యక్తులు తప్ప విషయం లేని వాదానికి అంత కాగితం ఖర్చయింది.

భాషావాదం అట్లాంటిది కాదు. 1907 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరు యేట్స్, తెలుగు పిల్లలు మాట్లాడే భాషకూ పుస్తకాల్లో చదివే భాషకూ ఇంత దూరం ఎందుకున్నదని అడగటంతో మొదలైందని చెప్పుకోవటం వాడుక. దొర అడిగితే తప్ప మనవాళ్ళకు ప్రశ్న పుట్టలేదనటం అన్యాయం. 1897లోనే ‘కన్యాశుల్కం’ అచ్చయింది. అయినా బడి లోపల ఈ ప్రశ్న లేచింది అప్పుడే. పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు కృషి ఫలితంగా స్కూలు ఫైనలు విద్యార్థి వ్యాసాన్ని కావ్యభాషలోగాని ఆధునిక భాషలోగాని రాయవచ్చునని ఉత్తర్వు వచ్చింది. ఆధునిక భాషకు నమూనాగా ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ను చూపారు. 1830లో మొదలైన ప్రయాణం కథ అది. అంటే వాడుక భాషలో వచనం కొత్తగా పుట్టిన వింత కాదని ఉత్తర్వే ఒప్పుకున్నది. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టింది. 1915లో ఆ ఉత్తర్వు రద్దయింది. ఆ సంవత్సరమే, నవంబరు 30న, గురజాడ కన్నుమూశారు.

ఈ నాలుగేళ్ళలో జరిగిన ప్రధాన వాదం ఏ భాషలో జరిగిందో గమనించండి. జయంతి రామయ్య పంతులు 1913లో అచ్చు వేసింది ‘ఎ డిఫెన్స్ ఆఫ్ లిటరరీ తెలుగు’. అదే సంవత్సరం గిడుగు రాసింది ‘ఎ మెమొరాండం ఆన్ మోడరన్ తెలుగు’. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గురజాడ సమర్పించిన అసమ్మతి పత్రం ‘మినిట్ ఆఫ్ డిసెంట్’. మూడూ ఇంగ్లీషులోనే! తెలుగువాడు ఏ తెలుగు రాయాలో తేల్చే చర్చ తెలుగువాడికి అర్థంకాని భాషలో సాగింది. 1912లో మా కొల్లేటి లంక గ్రామంలో ఒక బడిపంతులు ఉన్నాడనుకోండి. అతని పిల్లలు ఏ భాషలో పరీక్ష రాయాలో తేల్చే వాదం అది. అందులో అతనికి చేరేవి తెలుగు పత్రికల్లో పడే తునకలు, ఎత్తిపొడుపులు మాత్రమే. చర్చ మొదలు ఒక చోట, కొమ్మలు ఇంకొక చోట. న్యాయమూర్తి స్థానంలో మద్రాసు ప్రభుత్వం కూర్చుంది కనుక ఉభయపక్షాలూ దొరవారి భాషలోనే మనవి చేసుకున్నాయి. గురజాడ పత్రం వాదపటిమలో ఈనాటికీ సాటిలేనిది. అయినా అది పాలకుల బల్లమీద పెట్టిన కాగితమే. వలస ప్రభుత్వం ముందు పెట్టుకున్న వాదం వలస ప్రభుత్వం కలం గీతతో పోయింది.

పేర్ల సంగతి కూడా చూడాలి. ఒకే విషయాన్ని ఒకరు ‘గ్రామ్యం’ అంటే ఇంకొకరు ‘వ్యావహారికం’ అన్నారు. ‘వాడుక భాష’, ‘వర్తమానాంధ్రం’, ‘ఆధునికాంధ్రం’ అన్నవాళ్ళూ ఉన్నారు. విషయసూచికలో వెదికేవాడు ఇన్ని మాటల కిందా వెదకాలి. ఇది సౌకర్యానికి సంబంధించిన విషయమే కాదు. ‘గ్రామ్యం’ అనే శీర్షిక కిందికి చర్చను నెట్టగానే సగం వాదం అయిపోయినట్టే. గ్రామం అనే మాటనే తిట్టుగా మార్చిన శాస్త్రం అది. దేశం కడుపు నింపుతున్నది గ్రామం, దాని నోట వచ్చే మాట మాత్రం అపభ్రంశం! వేదం వెంకటరాయశాస్త్రి గారే ‘ప్రతాపరుద్రీయం’లో నీచపాత్రల నోట వాడుక మాటలు పెట్టి రక్తి కట్టించారు. చాకలి మాట రంగస్థలం మీద రుచించింది. బడిలోకి వస్తానంటే అడ్డుపడ్డారు.

1915 తర్వాత గిడుగు చేసిన పనిలోనే నాకు ఆయన గొప్పతనం కనిపిస్తుంది. ప్రభుత్వం ముందు ఓడిన వాదాన్ని ఆయన తెలుగులోకి, తెలుగు పాఠకుల ముందుకి తెచ్చారు. 1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. డెబ్బై ఏళ్ళ వీరేశలింగం అధ్యక్షుడుగా నిలబడ్డారు. జీవితమంతా గ్రాంథికంలో రాసిన మనిషి చివరి మూడు నెలల్లో వైపు మార్చుకున్నారు. మే 27న ఆయన మరణించారు. 1919-20లో గిడుగు ‘తెలుగు’ అనే మాసపత్రిక నడిపారు. ఏడాదిపాటే నడిచింది. పత్రిక ఆగినా పద్ధతి నిలిచింది. చెల్లాచెదురైన వాదానికి ఒక చిరునామా దొరికింది.

పద్ధతి అన్నాను. గిడుగు తన అభిప్రాయాన్ని అభిప్రాయంగా వదిలిపెట్టరు. వ్యాకరణం కాదన్న రూపం ఏ కావ్యంలో ఉంది, ఏ వ్యాఖ్యానంలో ఉంది, దాన్ని తప్పుబట్టిన పండితుడే తన వచనంలో ఎక్కడ వాడాడు అని చోటు చూపుతారు. ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’, 1933లో వచ్చిన ‘బాలకవి శరణ్యం’ ఈ పనికే పుట్టినవి. పండితుల ప్రతీక పద్ధతినే ఆయన తిరగవేశారు. కంఠస్థం అవసరం లేకుండా, పుస్తకం తెరిచి ఎవడైనా సరిచూసుకోగలిగేటట్టు చేశారు. సవరల మధ్య తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వల్ల ఆయన వినికిడి పోగొట్టుకున్న సంగతి అందరికీ తెలిసిందే. సభలో ఎదుటివాడి మాట సరిగా వినపడని మనిషి, ప్రతి వాదాన్నీ కాగితం మీద పట్టుకోవలసి వచ్చిందేమోనని నా ఊహ. ఆయన చెప్పిందే మళ్ళీ చెబుతారనీ, మాట కటువనీ ఒక ఆక్షేపణ ఉంది. కటుత్వాన్ని నేను సమర్థించను. పునరుక్తి మాత్రం వేరే సంగతి. ఏ నెల సంచికనైనా మొదటిసారి చేతబట్టే పాఠకుడు ఒకడుంటాడు. అతనికోసం మొదటి నుంచి చెప్పాల్సిందే. అన్ని సంచికలూ బైండు చేయించుకుని చదివే మనకు విసుగు పుడుతుంది. చదివినప్పుడు నాకూ పుట్టింది.

పాఠకులకు ఇంకొక ఆసరా ఊరూరా వెలుస్తున్న గ్రంథాలయాలు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1918లో వేటపాలెం సారస్వత నికేతనం మొదలైంది. పాత సంచికను పారేయకుండా దాచటం అనే పని ఈ వాదానికి ఎంత మేలు చేసిందో మన చరిత్రకారులు ఇంకా రాయలేదు.

1924లో పరిషత్తు వ్యావహారికం మీద నిషేధాన్ని తొలగించుకుంది. 1925లో తణుకు సభలో గిడుగు నాలుగు గంటలసేపు ప్రయోగాలు ఎత్తిచూపుతూ ప్రసంగించారని చెబుతారు. 2022లో జిల్లాలు విడిపోయేదాకా తణుకూ మా వట్లూరూ ఒకే జిల్లా. కనుక ఈ ముచ్చట మావాళ్ళు కాస్త గర్వంగానే చెప్పుకుంటారు. అయినా పరిషత్తు పక్షాన ప్రకటితమైన సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం 1936లో వెలువడితే, అందులో ప్రమాణం కావ్యభాషే. సభలో నిషేధం తీసెయ్యటం తేలిక. నిఘంటువులో ఆరోపం తీసెయ్యటం కష్టం. 1940 జనవరి 15న మద్రాసులో ‘ప్రజామిత్ర’ కార్యాలయంలో పత్రికలవారి ముందు గిడుగు చేసిన చివరి విజ్ఞప్తిలోనూ ఇదే బాధ ఉంది. వారం తర్వాత, 22న, మరణించారు. ఆయన దగ్గర పర్లాకిమిడిలో చదువుకున్న తాపీ ధర్మారావు 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల మొదటి మహాసభకు అధ్యక్షత వహించారు.

ఇంతవరకు మనకు ఇష్టమైన కథ. కాని ఈ చర్చలో పేర్లు మరొక్కసారి చదవండి. ఇరుపక్షాలా దాదాపు ఒకే సామాజిక వర్గం. గిడుగు, గురజాడ కోరింది శిష్టవ్యావహారికం – చదువుకున్నవాళ్ళు మాట్లాడుకునే భాష. ఆ కాలానికి అదే పెద్ద ముందడుగు, సందేహం లేదు. ఎవరి వాడుక, ఏ ప్రాంతపు వాడుక అన్న ప్రశ్న మాత్రం ఆ రోజుల్లో పక్కకు జరిగింది. తెలంగాణా మాట ఎక్కడ? కొల్లేట్లో దోనె నడిపేవాడి మాట ఎక్కడ? జాషువా 1941లో ‘గబ్బిలం’ రాశారు. వాడుక భాష గెలిచిందని మనం చెప్పుకునే కాలంలో ఆయన ఎంచుకున్నది ఛందస్సు, కావ్యభాష. తనకు దక్కకూడదని శాసించిన సొత్తును చేజిక్కించుకుని చూపటం ఆయనకు అవసరమైంది. ‘ప్రజల భాష’ పేరుతో దీన్ని ఆయన లోపంగా లెక్కగట్టే విమర్శకుణ్ణి నేను ఒప్పుకోను. ఆ చర్చలో ఆయనవాళ్ళకు కుర్చీ వేసిందెవరు?

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, 1962లో వచ్చింది. చేనేత పదాలది 1971లో వచ్చింది. రైతు, నేతగాడు వాడే మాటలు ఏ ప్రాంతంలో ఎట్లా పలుకుతారో అడిగి రాసుకుని, ఆ ప్రాంతం గుర్తుతో సహా అచ్చువేశారు. గిడుగు సవర ఊళ్ళలో కూర్చుని ఒక్కొక్క మాటా అడిగి రాసుకున్న పని ఇటువంటిదే. 1931లో ఆయన సవర భాష గురించిన పుస్తకం ఇంగ్లీషులో అచ్చయింది. భాషావాదం గురించి రాసేటప్పుడు ఆ పుస్తకాన్ని ఆయన వేరే వ్యాపకంగా పక్కన పెట్టటం మన విమర్శకులకు అలవాటైపోయింది. నేను ఏలూరులో చూసిన సంపుటాల విషయసూచికల్లోనూ ‘భాషావాదం’ కింద సవర అనే మాట ఒక్కచోట కూడా కనిపించలేదు.