విజయవాడ-2

పిన్‌కోడు రాకముందు మా గవర్నర్‌పేట తపాలా గుర్తు ‘విజయవాడ-2’. పాత డిటెక్టివ్ నవల ఏది చేతికొచ్చినా ముందు ప్రచురణకర్త చిరునామాలో ఆ అంకె ఉందేమోనని చూస్తాను. ఉంటే అది మా పేట బిడ్డే.

ఈ పుస్తకాల వయసు తేల్చడమూ ఓ అపరాధ పరిశోధనే. నా దగ్గరున్న వాటిలో చాలావాటి మీద అచ్చయిన సంవత్సరం లేదు. అందుకని వెల చూడాలి. అణాల్లో ఉంటే 1957కు ముందుదనుకోవచ్చు. ఆ ఏప్రిల్‌లోనే నయాపైసలు వచ్చాయి. ‘న.పై.’ అని ఉంటే దాదాపు 1964 లోపుది. ఆ ఏడు ‘నయా’ ఊడిపోయి ఒట్టి పైసలు మిగిలాయి. చిరునామాలో 520002 అని ఆరంకెలుంటే 1972 ఆగస్టు తర్వాతది.

కృష్ణ దాటి కాస్త దూరం పోతే తెనాలి. అక్కడ పుట్టిన కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మా అన్నయ్యలకు ఇంట్లో మనుషుల్లాంటి వాళ్లు. టెంపోరావు, విశ్వప్రసాద్ నవలలకూ అంతే గిరాకీ. మా వంతు వచ్చేసరికి మధుబాబు గారి షాడో దిగాడు.

అంతమంది చదివిన పుస్తకాలు ఇప్పుడెందుకు దొరకవంటే, అంతమంది చదివారు కనకే. కొనేవాళ్లకన్నా అద్దెకు తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. మా వీధి అద్దె షాపాయన కొత్త పుస్తకం రాగానే పిన్నులు పీకి, దారంతో కుట్టి, మందపాటి అట్ట వేసేవాడు. రంగుల ముఖచిత్రం ఆ రోజే పోయేది. తర్వాత పుస్తకం ఇల్లిల్లూ తిరిగి, లెక్కల పుస్తకం మధ్యలో దాక్కుని, చివరికి తూకానికి పోయి శనక్కాయల పొట్లాలయ్యేది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ జరిగిన ఊరు మాది. అయినా నేను వెతికిన గ్రంథాలయాల బీరువాల్లో యుగంధర్ కనబడలేదు.

మిగిలినవి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో, పోటీ పరీక్షల గైడ్ల అడుగున తేలుతుంటాయి. కొట్టాయన వెల చెప్పేముందు మన మొహం చూస్తాడు. అక్కడ సంతోషం కనబడిందా, వంద పెరిగినట్టే.

మొన్న ఓ యుగంధర్ దొరికాడు. ‘న.పై.’ ఉంది, ‘విజయవాడ-2’ ఉంది. మొదటి పేజీ మీద ఏదో పెన్సిలు రాత. అద్దె పుస్తకాల్లో హంతకుడి పేరు ముందే రాసిపెట్టే ఆకతాయిలుండేవాళ్లు. చిన్నప్పుడు వాళ్లను తిట్టుకోని రోజు లేదు. అలవాటు కొద్దీ బొటనవేలు అడ్డం పెట్టి పేజీ తిప్పేశాను.

రాత్రి ఒంటిగంటకు యుగంధర్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు. పేజీ తిప్పితే అట్ట తగిలింది. చివరి ఫారం లేదు.

లేచి నీళ్లు తాగి, మళ్లీ మొదటి పేజీ తీశాను. పెన్సిలు గీత సగం చెరిగింది గానీ పేరు చదవడానికి వస్తోంది. ఎవరో గానీ, మహానుభావుడు.