గృహస్థుల చేతికొచ్చిన ధ్యానం

ధ్యానం సన్యాసులదే, సంసారులకు కుదరదు అనే మాటను బర్మా చరిత్ర ఒప్పుకోదు. లెడీ సయడా (1846–1923) అనే భిక్షువు విపశ్యన అనే ధ్యాన పద్ధతిని గృహస్థులకూ నేర్పారు. ఆయన శిష్యుడు సయా తెట్‌జీ రైతు. తెట్‌జీ శిష్యుడు ఊ బా ఖిన్ అకౌంటెంట్ జనరల్‌గా కొలువు చేస్తూనే 1952లో రంగూన్‌లో ధ్యాన కేంద్రం నెలకొల్పారు. ముక్కుపుటాల దగ్గర ఊపిరి రాకపోకలను గమనించడమే అక్కడ తొలి పాఠం. దానికి అడవులకు పోనక్కర్లేదు.

మరి ఇదంతా ఆరోగ్యం కోసమేనా? 1955లో తీవ్రమైన తలనొప్పితో వచ్చిన వ్యాపారి గోయెంకాకు, నొప్పి తగ్గడానికే అయితే నేర్పనని ఊ బా ఖిన్ చెప్పేశారు. మనసు శుభ్రపడటమే అసలు పని, ఉపశమనం దాని వెంట వచ్చేదన్నది ఆయన దృష్టి. 1969లో గోయెంకా భారత్‌కు తెచ్చిన ఆ పద్ధతి హైదరాబాద్‌కూ చేరింది. తీరిక లేదనేవారికి కొలువు చేస్తూనే ధ్యానం నేర్పిన ఊ బా ఖిన్ జీవితమే జవాబు. జబ్బు ఉంటే మందులు మానకండి, రోజూ కాసేపు ధ్యానానికి కూర్చోండి.