మిద్దె సున్నము, సర్కారు శాసనము

మన పూర్వులు వేసవి రాకమున్నే మిద్దెకు సున్నము కొట్టించుచుండిరి. అట్లు చేయుమని వారికి ఏ శాసనమును చెప్పలేదు. తెలుపు ఎండను మరలగొట్టునని అనుభవమే వారికి బోధించినది. ఆ పాత సంగతియే 2023లో తెలంగాణ ప్రభుత్వమువారి చేత చల్లని పైకప్పుల విధానమను పేర క్రొత్తరూపము దాల్చినది.

ఇందులకు శేరిలింగంపల్లి చరిత్రను కొంత చూడవలెను. 1998లో అచ్చట సైబర్ టవర్స్ లేచిన పిదప రాతిగుట్టల నడుమ అద్దాల మేడలు వరుసగా వెలసినవి. అద్దము వెలుతురుతోబాటు వేడిమినిగూడ లోనికి రానిచ్చును. దానిని వెడలగొట్టుటకు ఏసీ యంత్రము, యంత్రమునకు విద్యుత్తు కావలెను. ఆ ప్రాంతముననే కొత్తగూడ చేరువ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ నిర్మింపబడెను. 2003లో దానికి అమెరికావారి ప్లాటినం శ్రేణి లభించెను. 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారు ప్రారంభించిరి. నడుమ ముంగిలి, జాలీ గోడలు, గాలి గోపురములు, కప్పుపై పచ్చిక! మండువా యింట పుట్టిన నాబోటివానికి ఇందు సగము పరిచితమే. దానిని ఎవరి బలవంతము లేకయే కట్టిరి. కాని చూచి నేర్చినవారు కొలదిమందియే.

కేంద్రమువారు 2007లో భవనముల ఇంధన పొదుపు నియమావళిని వెలువరించిరి. తొలుత అది ఐచ్ఛికము. 2014లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పెద్ద వాణిజ్య భవనములకు దానిని విధిగా చేసెను. ఇక 2023 విధానము ప్రకారము సర్కారు, వ్యాపార భవనములకును, 600 చదరపు గజములు మొదలుకొని పైబడిన స్థలములలోని ఇండ్లకును చల్లని కప్పు తప్పనిసరి. అంతకు తక్కువైనచో యజమాని యిష్టము.

ఆ యిష్టము ఎవరిది? చిన్న స్థలమున రేకుల గదిలో కూలివాడు అద్దెకుండును. కప్పు యజమానిది, వేడి కూలివానిది. అట్లని ఒక్క గదియే ఆస్తిగాగల విధవరాలిని సాయము లేక నిర్బంధించుట పన్ను వేయుటయే యగును.

ఐరోపావారు 2002లో వేరొక త్రోవ చూపిరి. ఇల్లమ్మువాడు దానిని బాగుచేయనక్కరలేదు. అది ఎంత ఇంధనము మ్రింగునో తెలుపు పత్రమును మాత్రము కొనువానికి చూపవలెను. మన దేశముననూ ఫ్రిజ్జుపై నక్షత్రముల చీటీ 2006లో ఐచ్ఛికముగా మొదలై 2010లో విధియైనది. వేల రూపాయల పెట్టెకు విధియైన చీటీ లక్షల యింటికి విధి కాకపోవుట నాకు సమంజసముగా తోచదు.

మావాడు శేరిలింగంపల్లిలో పై అంతస్తు కొన్నప్పుడు దస్తావేజులో నాలుగు హద్దులును చక్కగా వ్రాయబడినవి. కప్పు సంగతి వైశాఖమున తెలిసినది. మరుసటి యేడు చందాలు వేసికొని తెల్లపూత పూయించితిమి. క్రింది అంతస్తులవారు చందా ఇయ్యలేదు.