నౌపడ – గుణుపూర్ రైలు మార్గం: రాజావారి లైను నుంచి రెండు డివిజన్ల దాకా

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకు శ్రీకాకుళం వైపు బంధుత్వాలు ఎక్కువ. ఆ రాకపోకలకు ఆధారమైన రైలు మార్గం నౌపడ – గుణుపూర్ లైను. పొడవు సుమారు 90 కిలోమీటర్లు. హౌరా – చెన్నై ప్రధాన మార్గంలోని నౌపడ జంక్షన్ దగ్గర విడిపోయి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్ మీదుగా గుణుపూర్ చేరుతుంది. మనవాళ్ళు గుణుపురం అనే ఊరు అదే. ఈ లైను పుట్టుక, మార్పులు, ఇప్పటి పరిస్థితి మన పిల్లలకు కూడా తెలియాలని ఈ వివరాలు ఒకచోట చేర్చాం.

రాజావారి సొంత రైలు

1890ల్లో తూర్పు తీరం వెంట ప్రధాన రైలు మార్గం వచ్చింది. అది పర్లాకిమిడికి దూరంగా, నౌపడ మీదుగా వెళ్ళింది. తన రాజధానిని దానితో కలపాలని అప్పటి రాజా గౌరచంద్ర గజపతి సంకల్పించారు. 1898లో పని మొదలై, 1900లో నౌపడ – పర్లాకిమిడి మధ్య బండి నడిచింది. దూరం 40 కిలోమీటర్లు, ఖర్చు సుమారు 7 లక్షల రూపాయలు. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే, అంటే నేరో గేజ్. పేరు పర్లాకిమిడి లైట్ రైల్వే. నడిపే బాధ్యత బెంగాల్ నాగపూర్ రైల్వేది.

మొదటి ఏళ్ళలో నష్టమే. 1910 తర్వాత కొద్దిపాటి లాభం కనిపించింది. 1924-25 తర్వాత ఆదాయం బాగా పెరగడంతో లైనును గుణుపూర్ వరకు పొడిగించే పని చేపట్టారు. ఆ పని 1931లో పూర్తయింది. అప్పటికి గద్దె మీద ఉన్నది గౌరచంద్ర కుమారుడు కృష్ణచంద్ర గజపతి.

1936లో గీసిన గీత

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి సంస్థానం రెండుగా చీలింది. పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాలో చేరగా నౌపడ, టెక్కలి, పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాయి. విశాఖపట్నం ఏజెన్సీలో ఉండిన గుణుపూర్ కూడా ఒరిస్సాకే వెళ్ళింది. ఒకే లైను రెండు రాష్ట్రాలదయింది. కృష్ణచంద్ర గజపతి 1937లో ఒరిస్సా తొలి ప్రధానమంత్రి అయ్యారు. ఆ రోజుల్లో ముఖ్యమంత్రి పదవికి అదే పేరు.

వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ పర్లాకిమిడిలోనే 1880 నుంచి ఉపాధ్యాయులుగా పనిచేశారు. సవర భాష నేర్చుకుని ఆ భాషకు పుస్తకాలు తయారుచేసింది ఇక్కడి నుంచే. పట్టణాన్ని ఒరిస్సాలో కలిపినందుకు నిరసనగా 1936లో ఆయన రాజమహేంద్రవరం తరలివెళ్ళారు. ఆయన వెళ్ళినా ఇక్కడి తెలుగు ఇళ్ళు చాలా వరకు ఇక్కడే ఉండిపోయాయి. పిల్లలు బడిలో ఒడియా చదివారు, ఇంట్లో తెలుగు మాట్లాడారు. పెళ్ళి సంబంధాలకు, పండగలకు, పాతపట్నం నీలమణి దుర్గ అమ్మవారి దర్శనానికి సరిహద్దు దాటడం ఎవరికీ కొత్త కాలేదు.

మారిన యాజమాన్యాలు, మారిన పట్టాలు

స్వాతంత్ర్యం తర్వాత ఈ లైను 1952లో ఈస్టర్న్ రైల్వే కిందికి, 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే కిందికి, 2003లో భువనేశ్వర్ కేంద్రంగా ఉన్న ఈస్ట్ కోస్ట్ రైల్వే కిందికి వచ్చింది. ఇన్ని మార్పుల్లోనూ మొత్తం లైను ఒకే యాజమాన్యం కింద ఉండింది.

బ్రాడ్ గేజ్ పనికి 2002లో శంకుస్థాపన జరిగింది. 2004 జూన్‌లో చిన్న బండి ఆగిపోయింది. పెద్ద బండి 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపూర్‌కు వచ్చింది. మధ్యలో ఏడేళ్ళు గుణుపూర్ వైపు వారికి బస్సే గతి. గేజు మారినందువల్ల వచ్చిన మేలు పెద్దది. నౌపడలో దిగి బండి మారనక్కరలేకుండా విశాఖపట్నం, పూరీ వైపు నేరుగా వెళ్ళే వీలు కలిగింది. రూర్కెలా రాజ్యరాణి ఎక్స్‌ప్రెస్ కూడా గుణుపూర్ వరకు వస్తోంది.

ఇప్పుడు వచ్చిన మార్పు

విశాఖపట్నం కేంద్రంగా సౌత్ కోస్ట్ రైల్వే జోన్‌ను 2019లో ప్రకటించారు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన విభజన ప్రకారం నౌపడ – పర్లాకిమిడి భాగం విశాఖపట్నం డివిజన్‌తో సౌత్ కోస్ట్ జోన్‌కు వెళుతుంది. పర్లాకిమిడి – గుణుపూర్ భాగం కొత్తగా ఏర్పడే రాయగడ డివిజన్‌తో ఈస్ట్ కోస్ట్ జోన్‌లో ఉంటుంది. 1936లో కూడా తెగని లైను యాజమాన్యం ఇప్పుడు పర్లాకిమిడి దగ్గర రెండవుతోంది.

జోన్ మారినంత మాత్రాన బండి ఆగదు. కానీ బండి వేళలు, అదనపు బోగీలు, హాల్టులు, ఫిర్యాదులు వంటి వాటికి ఇకపై రెండు కార్యాలయాలను ఆశ్రయించాలి. ఒక చోట అర్జీ ఇస్తే రెండో చోటికి వెళ్ళమనే అవకాశం ఉంది. 90 కిలోమీటర్ల చిన్న లైనుకు ఇది చిన్న విషయం కాదు.

మరో మంచి కబురు కూడా ఉంది. గుణుపూర్ నుంచి తేరుబలికి 73.62 కిలోమీటర్ల కొత్త లైను 2024 ఆగస్టులో మంజూరైంది. అది పూర్తయితే గుణుపూర్ చివరి స్టేషన్‌గా మిగలదు. రాయగడ వైపు తెలుగు కుటుంబాలకు ఇటు దారి దగ్గరవుతుంది.

మనం చేయదగినవి

1. అర్జీ ఏదైనా రెండు డివిజన్ల మేనేజర్లకూ ఒకేసారి పంపాలి. నకలు, రసీదు సంఘంలో భద్రపరచాలి.

2. ప్రతి డివిజన్‌కూ ప్రయాణికుల సలహా సంఘం ఉంటుంది. రెండింటిలోనూ ఈ లైను వారికి చోటు కావాలని టెక్కలి, పాతపట్నం సంఘాలతో కలిసి అడగాలి.

3. గుణుపూర్ వరకు అన్ని స్టేషన్లలో ఒడియాతో పాటు తెలుగులోనూ ప్రకటనలు కోరాలి. ఒడియా సోదరులతో కలిసి అడిగితేనే ఆ మాటకు బలం.

4. చిన్న బండి కాలంలో ఈ లైనులో పనిచేసిన వారి సర్వీసు కాగితాలు, ఫొటోలు, పాత టికెట్లు ఇంట్లో ఉంటే పారేయకండి. వాటి నకళ్ళు మీ ఊరి సంఘానికి ఇవ్వండి. ఈ లైను మీద మన పెద్దల కష్టం ఉందని చెప్పడానికి రేపు మిగిలే రుజువులు అవే.